మల్టీక్యామ్ ఎడిటింగ్: ముందు సౌండ్ ఒక దారికి తెచ్చుకోండి, కెమెరాలు ఆ తర్వాత

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు పెళ్లిళ్లు, నాటకాలు, పందేలు తీసేవాళ్ల నుంచి తిప్పి తిప్పి అవే ప్రశ్నలు వస్తున్నాయి. మూడు కెమెరాలూ సింక్ కావడం (బొమ్మ, సౌండ్ ఒకే క్షణానికి కలవడం) లేదు. సింక్ అయినా గంట గడిచేసరికి పెదవులు ఒకచోట, మాట ఒకచోట ఉంటున్నాయి. గట్టిమేళం దగ్గర సౌండ్ పగిలిపోయింది. టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చే పట్టీ) ఆగి ఆగి నడుస్తోంది.

వీటిలో చాలావాటికి మూలం పని వరస తారుమారు కావడమే. కెమెరాలన్నీ పేర్చి, కట్లు వేసేసి, సౌండ్ సంగతి చివర్లో చూద్దామనుకుంటారు. ఇక్కడ చెప్పే పద్ధతి దానికి ఎదురు. కార్యక్రమం మొదలు నుంచి చివరి దాకా తెగకుండా ఒక్క సౌండ్ ట్రాక్‌ను ముందు తయారు చేసి లాక్ చేయాలి. ఆ తర్వాత కెమెరాలను ఒక్కొక్కటిగా దానికి కట్టాలి.

మన దగ్గర ఎక్కువగా వాడేవి అడోబీ ప్రీమియర్ ప్రో, డావించీ రిజాల్వ్. కాబట్టి ఆ రెంటిలో ఎలా చేయాలో చెబుతాను. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనూ మల్టీక్యామ్ (కెమెరాలన్నీ ఒకేసారి చూస్తూ వాటి మధ్య కట్ చేసే సౌకర్యం) పని చేస్తుంది. మ్యాక్‌లో ఫైనల్ కట్ ప్రో వాడేవాళ్లకు మెనూ పేర్లు మారతాయి, వరస మాత్రం ఇదే.

## 1. షూట్‌కు ముందు: అన్ని కెమెరాలకూ ఒకే లెక్క

ఫ్రేమ్ రేట్ 25, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపంలో ట్యూబులైట్లు, ఎల్‌ఈడీల కింద మినుకుమినుకు తగ్గుతుంది. సీరియల్ లైట్లు, ఎల్‌ఈడీ గోడ ఉన్నచోట 1/50, 1/100 రెండూ పెట్టి చూసి, చారలు రానిది ఉంచుకోండి. ఒక కెమెరాలో 25, ఇంకోదాంట్లో 30, ఫోన్‌లో 60 ఉంటే సింక్ కుదరొచ్చు గానీ కదలికలు ఒక్కో కట్‌కు ఒక్కోలా కనిపిస్తాయి.

ఆడియో అంతటా 48 కిలోహెర్ట్జ్ ఉండాలి, రికార్డర్‌లో 24 బిట్, వేవ్ ఫార్మాట్ పెట్టండి. రికార్డర్ ఎంపీ3లోనో 44.1లోనో ఉందేమో ముందే చూసుకోండి. పాటల రికార్డింగ్‌కు ఎవరో వాడి తిరిగిచ్చిన రికార్డర్ అయితే మరీ జాగ్రత్త.

ప్రతి కెమెరాలోనూ మైకు ఆన్‌లో ఉండి తీరాలి. ఆ సౌండ్ ఎంత గోలగా ఉన్నా పర్లేదు, అది సింక్‌కు పనికొస్తే చాలు. ఇక్కడ ఎక్కువగా మరిచిపోయేది జిమ్మీ జిబ్ (పొడవాటి క్రేన్) మీది కెమెరా. దానికి ఆడియో ఆపేసి ఉంటే, ఎడిటింగ్‌లో ఆ కెమెరాను కంటితో చూసి కూర్చోబెట్టుకోవాల్సిందే.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఒక మాట. ఫోన్ కెమెరా యాప్ చాలాసార్లు ఫ్రేమ్ రేట్‌ను తనకు తోచినట్టు కొద్దికొద్దిగా మారుస్తూ తీస్తుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లో 25 ఎంచుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇంటి దగ్గర బయల్దేరే ముందు:

☐ అన్ని కెమెరాల్లో 25 ఫ్రేములు, ఒకే రిజల్యూషన్
☐ తేదీ, టైమ్ అన్నింట్లో ఒకేలా (ఫైళ్లను వరసలో పెట్టుకునేటప్పుడు దీని విలువ తెలుస్తుంది)
☐ రికార్డర్ 48 కిలోహెర్ట్జ్, వేవ్
☐ వైట్ బ్యాలెన్స్ ఆటోలో లేదు
☐ రికార్డర్‌కు కొత్త బ్యాటరీలు, పవర్ బ్యాంక్
☐ ఖాళీ కార్డులు, ప్రతి కార్డు మీద కెమెరా పేరు రాసిన స్టిక్కర్

## 2. సౌండ్ మూడు చోట్ల నుంచి తీసుకోండి

బోర్డు (మైక్‌సెట్ వాళ్ల మిక్సర్) నుంచి ఒకటి. మైక్‌సెట్ వాళ్లతో ముహూర్తానికి ముందు కాదు, వాళ్లు వైర్లు లాగుతున్నప్పుడే మాట్లాడండి. "అన్నా, ఆక్స్ ఒకటి ఖాళీగా ఉంటే ప్రీ-ఫేడర్‌లో పెట్టి నాకివ్వు" అని అడగండి. ఆక్స్ అంటే బోర్డులోంచి సౌండ్‌ను విడిగా బయటికి తీసుకునే దారి. మైకు కూసినప్పుడల్లా ఆయన ఫేడర్ (సౌండ్ పెంచే తగ్గించే మీట) దించుతూ ఎత్తుతూ ఉంటాడు. ప్రీ-ఫేడర్‌లో తీసుకుంటే ఆ ఎత్తుపల్లాలు మీ రికార్డింగ్‌లోకి రావు.

బోర్డు నుంచి వచ్చేది లైన్ లెవెల్, అంటే మైకు నుంచి వచ్చేదానికన్నా చాలా బలమైన సిగ్నల్. దాన్ని తీసుకెళ్లి కెమెరా మైక్ సాకెట్‌లో గుచ్చితే మీటర్ ఎర్రబడకపోయినా సౌండ్ పగులుతుంది, ఎందుకంటే పగిలేది మీటర్‌కు ముందే. రికార్డర్‌లో లైన్ ఇన్‌కు పెట్టండి. లేకపోతే మధ్యలో లెవెల్ తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ వాడండి. ‘భూం’ అని హమ్ (కరెంటు గుంయ్‌మనే మోత) వస్తుంటే మధ్యలో డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడండి. లేదా రికార్డర్‌ను కరెంటుకు కాకుండా బ్యాటరీ మీద నడపండి.

హాలు గాలి నుంచి ఒకటి. బోర్డులో మైకు పెట్టినవే ఉంటాయి. డోలు, సన్నాయి, జనం నవ్వు, అక్షింతలప్పటి సందడి అందులో ఉండవు, ఉన్నా దూరం నుంచి వినిపిస్తాయి. అందుకే స్టేజీకి కొంత ఎడంగా, స్పీకర్ బాక్సులకు ఎదురు కాకుండా స్టాండు మీద ఒక చిన్న స్టీరియో రికార్డర్ పెట్టండి. జెట్ కూలర్ పక్కన మాత్రం పెట్టొద్దు. వేసవి ముహూర్తాల్లో మన కల్యాణ మండపాల్లో ఆ కూలర్ హోరు అన్నింటినీ మింగేస్తుంది.

మనిషి దగ్గర ఒకటి. పురోహితుడికో పెళ్లికొడుక్కో కాలర్ మైకు. చవకగా దొరికే వైర్‌లెస్ సెట్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. వందల ఫోన్లు నిండిన హాల్లో మధ్యమధ్య తెగే అవకాశం ఉంది. ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డ్ చేసుకునే రకం దొరికితే అదే తీసుకోండి.

లెవెల్ సంగతి. మామూలు మాట మైనస్ 18 డీబీ దగ్గర తిరుగుతూ, గట్టి మాట మైనస్ 10 దాటకుండా ఉంటే బాగుంటుంది. మంత్రాలు వింటూ గెయిన్ (రికార్డర్ సౌండ్ తీసుకునే మోతాదు) పెంచేస్తే గట్టిమేళం మొదలవగానే అంతా ఎరుపే. రికార్డర్‌లో ఒకే సౌండ్‌ను తక్కువ లెవెల్‌లో రెండో కాపీగా దాచే సౌకర్యం ఉంటే ఆన్ చేయండి. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (ఎంత గట్టి సౌండ్‌నైనా ఫైలులో పగలకుండా దాచే రకం) ఉంటే రికార్డర్ వరకు భయం లేదు. కానీ మైకులోనో వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌లోనో ముందే పగిలిన సౌండ్‌ను అది బాగు చేయలేదు.

అన్ని కెమెరాలూ నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆపే ముందు ఇంకోసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. రెండోది చాలామంది కొట్టరు. సౌండ్ జారిందా లేదా, ఎంత జారింది అన్నది తేల్చేది ఆ రెండోదే.

## 3. కాపీ చేసేటప్పుడు

కార్డులో ఉన్న ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు మొత్తం కాపీ చేయండి. వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకోవద్దు. కొన్ని కెమెరాలు పొడవు రికార్డింగ్‌ను ముక్కలుగా దాస్తాయి. ఏవీసీహెచ్‌డీ లాంటి ఫార్మాట్‌లో విడి ముక్కలను లాగితే అతుకు దగ్గర సౌండ్ కొద్దిగా ఎగిరిపోతుంది. ప్రీమియర్‌లో వాటిని మీడియా బ్రౌజర్ ద్వారా తెస్తే ఒకే క్లిప్‌గా వస్తాయి.

చోటు లెక్క ముందే వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల ఫుటేజ్ గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు నాలుగు గంటలు నడిస్తే 540 జీబీ. రెండు కాపీలంటే టెరాబైట్ దాటింది.

ఫోల్డర్లు ఇలా: తేదీ_పేరు, దాని లోపల కెమెరా_ఏ, కెమెరా_బీ, కెమెరా_సీ, సౌండ్_బోర్డు, సౌండ్_హాలు, సౌండ్_కాలర్, ప్రాజెక్ట్, ఎక్స్‌పోర్ట్.

## 4. ప్రాజెక్ట్ తెరవగానే

రిజాల్వ్‌లో మీడియా లోపలికి తెచ్చే ముందే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ 25 పెట్టాలి. తెచ్చాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు. ప్రీమియర్‌లో ‘న్యూ సీక్వెన్స్’ నుంచి మీరే 25 ఫ్రేములు, 48 కిలోహెర్ట్జ్ అని ఎంచుకోండి. క్లిప్‌ను లాగి దాన్నిబట్టి సీక్వెన్స్ తయారు కానివ్వకండి. ఆ మొదటి క్లిప్ ఫోన్‌ది అయితే అక్కడి నుంచే అన్నీ తప్పు లెక్కలు.

ఫోన్ క్లిప్పులను హ్యాండ్‌బ్రేక్‌లోనో షట్టర్ ఎన్‌కోడర్‌లోనో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’కు మార్చి, మార్చినవాటినే వాడండి. రెండూ ఉచితమే. ఇది చేయకుండా ఫోన్ క్లిప్ సింక్ జారుతోందని గంటలు గంటలు ముక్కలు కోస్తూ కూర్చోవడం వృథా.

ఆ తర్వాత ప్రాక్సీలు (ఎడిటింగ్ అప్పుడు మాత్రమే వాడే తేలికైన నకలు ఫైళ్లు). మూడు నాలుగు 4కే ఫైళ్లు ఒకేసారి నడవాలంటే మామూలు హార్డ్‌డిస్కులో సూది ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు గెంతుతూనే ఉండాలి. అందుకే టైమ్‌లైన్ ఆగుతుంది. ఫుటేజ్‌ను వీలైతే ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకోండి. ప్రీమియర్‌లో క్లిప్పుల మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాక్సీ’, ‘క్రియేట్ ప్రాక్సీస్’. రిజాల్వ్‌లో ‘జనరేట్ ప్రాక్సీ మీడియా’, ఆపైన ప్లేబ్యాక్ మెనూలో ‘ప్రిఫర్ ప్రాక్సీస్’. ప్రీమియర్‌లో ప్రాక్సీకి, అసలు ఫైలుకు ఆడియో ఛానళ్ల సంఖ్య ఒకటే ఉండాలి. లేకపోతే అతకదు.

రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు పెట్టి, తెల్లారి సింక్ మొదలుపెట్టడం హాయి.

## 5. సౌండ్ ట్రాక్‌ను ముందు నిలబెట్టండి

ఈ గైడ్‌లో ఒక్క అడుగే పాటిస్తానంటే ఇది పాటించండి.

ముందు ఛానళ్లు సరిచేయాలి. రికార్డర్ ఎడమ ఛానల్‌లో బోర్డు, కుడి ఛానల్‌లో ఇంకో మైకు పెట్టి ఉంటే, ఆ ఫైలు స్టీరియోగా టైమ్‌లైన్ మీదికి వస్తుంది. హెడ్‌ఫోన్‌లో ఒక చెవికి పురోహితుడు, ఇంకో చెవికి హాలు. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ ప్యానెల్‌లోనే క్లిప్ ఎంచుకుని ‘మాడిఫై’, ‘ఆడియో ఛానల్స్’కు వెళ్లి మోనో చేయండి. టైమ్‌లైన్ మీద ఇప్పటికే పడిన క్లిప్పులకు ఇది వర్తించదు, అందుకే ముందే చేయమంటున్నాను. రిజాల్వ్‌లో ‘క్లిప్ ఆట్రిబ్యూట్స్’లో ఆడియో భాగంలో మోనో ఎంచుకోండి.

ఇప్పుడు ఖాళీ సీక్వెన్స్‌లో కార్యక్రమం మొత్తం ఆగకుండా నడిచిన రికార్డింగ్‌ను మొదట వేయండి. సాధారణంగా అది హాలు రికార్డర్ ఫైలే అవుతుంది. దాని కింద బోర్డు, ఆ కింద కాలర్ మైకు. మూడింటినీ చప్పట్ల దగ్గర కలపండి. తర్వాత చివరి చప్పట్ల దగ్గరికి వెళ్లి వినండి.

అక్కడ కూడా మూడూ కలిసి ఉంటే అదృష్టమే. లేకపోతే కంగారు పడాల్సిన పని లేదు. ప్రతి మిషన్‌లోని గడియారం కొంచెం తేడాగా నడుస్తుంది. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు, అంటే దాదాపు రెండు ఫ్రేములు జారుతుంది. మూడు గంటల పెళ్లికి ఐదారు ఫ్రేములు.

స్పీడ్ శాతం మార్చి దీన్ని సరిచేయవచ్చు. కానీ ఇంత చిన్న తేడాకు ప్రీమియర్‌లోని రెండు దశాంశాలు చాలవు. తేలికైన పద్ధతి: ప్రతి పావుగంటకో ఇరవై నిమిషాలకో మాటల మధ్య ఖాళీ చూసి కోసి, ముక్కను ఒక ఫ్రేమ్ కన్నా తక్కువ మేర జరపండి. ప్రీమియర్‌లో ‘షో ఆడియో టైమ్ యూనిట్స్’ ఆన్ చేస్తే ఫ్రేమ్ కన్నా చిన్నగా జరపవచ్చు. రిజాల్వ్‌లో ఫెయిర్‌లైట్ పేజీలో ఈ వెసులుబాటు ఉంది. కోసిన చోట చిన్న క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగేలా అతుకు) వేయండి.

గంటకు మూడున్నర సెకన్ల దాకా తేడా కనిపిస్తే అది గడియారం జారుడు కాదు. 30, 29.97 మధ్య ఎక్కడో ఫ్రేమ్ రేట్ తప్పుగా చదివిందని అర్థం. ఆ తేడా వెయ్యికి ఒకటి, గంటకు సరిగ్గా 3.6 సెకన్లు. క్లిప్ ప్రాపర్టీస్ చూసి అక్కడే సరిచేయండి.

మూడు సౌండ్లూ కుదిరాక ట్రాకులు లాక్ చేయండి. ఈ సీక్వెన్స్‌కు ‘సౌండ్_మాస్టర్’ అని పేరు పెట్టండి.

## 6. కెమెరాలను సౌండ్‌కు కట్టడం

కెమెరాలన్నీ ఆపకుండా నడిచి ఉంటే పని సులువు.

ప్రీమియర్‌లో: అన్ని కెమెరాల క్లిప్పులనూ, హాలు సౌండ్ ఫైలునూ కలిపి ఒకేసారి ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి ‘క్రియేట్ మల్టీ-కెమెరా సోర్స్ సీక్వెన్స్’. సింక్ కోసం ‘ఆడియో’ ఎంచుకోండి.

రిజాల్వ్‌లో: మీడియా పూల్‌లో ముందు ప్రతి క్లిప్‌కు మెటాడేటాలో కెమెరా నంబర్ ఇవ్వండి. తర్వాత అన్నీ ఎంచుకుని ‘క్రియేట్ న్యూ మల్టీక్యామ్ క్లిప్ యూజింగ్ సెలెక్టెడ్ క్లిప్స్’, ‘యాంగిల్ సింక్’లో ‘సౌండ్’. ‘డిటెక్ట్ క్లిప్స్ ఫ్రమ్ సేమ్ కెమెరా’ టిక్ చేస్తే ఒకే కెమెరా ముక్కలన్నీ ఒకే యాంగిల్‌లోకి వస్తాయి.

కానీ పెళ్లిలో కెమెరాలు ఆగి ఆగి నడుస్తాయి. ఒక కెమెరాకు ఇరవై ముక్కలు ఉండొచ్చు. ప్రీమియర్‌లో అప్పుడు చేత్తో చేయడమే నమ్మకం. ‘సౌండ్_మాస్టర్’ను డూప్లికేట్ చేసి, పైన వీడియో 1లో కెమెరా_ఏ ముక్కలు, వీడియో 2లో బీ, వీడియో 3లో సీ వేయండి. ఒక్కో ముక్కనూ దాని కెమెరా సౌండ్ తరంగం చూసి హాలు సౌండ్‌తో కలపండి. అంతా కుదిరాక ఈ సీక్వెన్స్‌ను ఇంకో కొత్త సీక్వెన్స్‌లోకి లాగి, రైట్ క్లిక్, ‘మల్టీ-కెమెరా’, ‘ఎనేబుల్’. అంతే, మల్టీక్యామ్ సిద్ధం.

సౌండ్‌తో సింక్ తప్పే చోట్లు

*దూరం.* సౌండ్ సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. 25 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేమ్ కాలంలో దాదాపు 14 మీటర్లు. స్పీకర్లకు 28 మీటర్ల దూరంలో వెనక స్టాండు మీద ఉన్న కెమెరా మైకుకు సౌండ్ రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. సాఫ్ట్‌వేర్ సౌండ్లను పక్కాగా కలిపేస్తుంది, బొమ్మ మాత్రం రెండు ఫ్రేములు ముందుంటుంది. ఆ కెమెరా క్లిప్పును రెండు ఫ్రేములు కుడికి జరపండి. ‘సింక్ కరెక్టే, కానీ ఏదో తేడాగా ఉంది’ అనే వాళ్లలో చాలామంది సమస్య ఇదే. మాట పలికే పెదవులు, డోలు మీద పుల్ల పడే క్షణం చూసి నిర్ధారించుకోండి.

*ప్రతిధ్వని.* ఒంగోలు వైపు గిత్తల బండలాగుడు పందేల్లో కామెంటరీ హారన్లు బరి చుట్టూ కట్టి ఉంటాయి. ఒకే మాట ఒక కెమెరాకు నాలుగు వైపుల నుంచి నాలుగు ఆలస్యాలతో చేరుతుంది. ఆటోమేటిక్ సింక్ అక్కడ తడబడుతుంది. కామెంటరీ మైకును బోర్డు నుంచి తీసుకుని ఆధారంగా పెట్టుకోండి. కెమెరాలను జెండా దించడం లాంటి, కంటికి కనిపించే గుర్తుతో కలపండి.

*ఒకేలా ఉండే సౌండ్.* నెల్లూరు టౌన్‌హాల్లో పద్యనాటకం తీస్తే జనం ‘వన్స్‌మోర్’ అంటారు, నటుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు. హార్మోనియం కూడా అదే. మధ్యలో ఆపి మొదలుపెట్టిన కెమెరా ముక్క మొదటి పద్యం మీద కూర్చోవాల్సింది రెండోదాని మీద కూర్చునే ప్రమాదం ఉంది. కెమెరా టైమ్‌లు సరిగ్గా పెట్టి ఉంటే ఏది ముందో ఏది వెనకో ఇక్కడ తేలిపోతుంది.

*పక్క మేళం.* పెంచలకోన లాంటి క్షేత్రంలో ఒకే ముహూర్తానికి పక్కపక్కనే రెండు పెళ్లిళ్లు జరుగుతుంటే, కెమెరా మైకుకు మన మేళం కన్నా పక్కవాళ్ల మేళమే గట్టిగా వినిపించవచ్చు. సింక్ అయ్యిందని సాఫ్ట్‌వేర్ చెప్పినా నమ్మకుండా ప్రతి ముక్కలో ఒకచోట పెదవులు చూడండి.

## 7. కట్టింగ్ మొదలుపెట్టే ముందు ఒక్క సెట్టింగ్

కెమెరా మారితే సౌండ్ కూడా మారేలా ఉంచకండి. మామూలు మండపంలో ఈ ఒక్క సెట్టింగ్ తప్పుగా ఉంటే వీడియో అంతా గతుకులే. ప్రతి కట్‌కూ సౌండ్ దగ్గరై, దూరమై, చెవులు నొప్పి పుడతాయి.

ప్రీమియర్‌లో సోర్స్ సీక్వెన్స్ తయారు చేసేటప్పుడు ఆడియోకు ‘స్విచ్ ఆడియో’ ఎంచుకోవద్దు. ప్రోగ్రామ్ మానిటర్ మెనూలో ‘మల్టీ-కెమెరా ఆడియో ఫాలోస్ వీడియో’ టిక్ తీసి ఉంచండి. రిజాల్వ్‌లో మల్టీక్యామ్ వ్యూయర్ కింద వీడియో, ఆడియో, రెండూ అని మూడు గుర్తులుంటాయి. వీడియో మాత్రమే నొక్కి ఉంచండి.

కట్టింగ్ టైమ్‌లైన్‌లో ఉండాల్సింది: పైన మల్టీక్యామ్ బొమ్మ, కింద లాక్ చేసిన మాస్టర్ సౌండ్. కెమెరా మైకుల సౌండ్ మ్యూట్.

## 8. కట్ చేసే తీరు

ప్రీమియర్‌లో షిఫ్ట్ + 0 నొక్కితే అన్ని కెమెరాలూ ఒకేసారి కనిపిస్తాయి. ప్లే చేస్తూ కీబోర్డు పైవరస అంకెలు 1, 2, 3 నొక్కుతూ పోండి. రిజాల్వ్‌లో వ్యూయర్‌ను ‘మల్టీక్యామ్’కు మార్చి అంకెలే నొక్కాలి. అక్కడ ఆల్ట్ పట్టుకుని యాంగిల్ మీద క్లిక్ చేస్తే కట్ పడకుండా ఉన్న ముక్కకే కెమెరా మారుతుంది.

మొదటిసారి తప్పొప్పులు పట్టించుకోకుండా మొత్తం ఒక చుట్టు పూర్తి చేయండి. రెండో చుట్టులో రోలింగ్ ఎడిట్ టూల్‌తో కట్లను ముందుకూ వెనక్కూ జరపండి. సౌండ్ కదలదు కాబట్టి ఎంత జరిపినా సింక్ పోదు. ముందు సౌండ్ లాక్ చేసిన శ్రమకు ఫలితం ఇక్కడ దక్కుతుంది.

జీలకర్ర బెల్లం దగ్గర మాటిమాటికీ కెమెరా మార్చొద్దు. చేతులు తలల మీదికి వెళ్లేదాకా వైడ్, పెట్టగానే దగ్గరి షాట్, అక్కడే కాసేపు ఉండండి. తలంబ్రాల్లో వేగం పెంచొచ్చు.

పద్యంలో రాగం సాగుతుండగా కట్ చేయకండి. పాదం ఆగి ఊపిరి తీసుకునే చోట కట్ చేయండి. నాటకం తెలిసిన పెద్దాయన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఎక్కడ కోయకూడదో ఆయన ముఖం చూస్తేనే తెలుస్తుంది.

బండలాగుడులో గిత్తలు బరి చివరికి వెళ్లి మళ్లీ వెనక్కి వస్తాయి. బరికి రెండు వైపులా కెమెరాలు పెట్టి అటూ ఇటూ కట్ చేస్తే, గిత్తలు వెళుతున్నాయో వస్తున్నాయో చూసేవాళ్లకు అర్థం కాదు. పరుగు నడుస్తున్నంతసేపు ఒకే వైపు కెమెరాల మధ్యే కట్ చేయండి. అవతలి వైపు షాట్ కావాలంటే మధ్యలో జనం ముఖాలో, బండ మీద దగ్గరి షాటో వేసి దాటండి.

## 9. సౌండ్ శుభ్రం చేసే వరస

వరస ముఖ్యం. ముందు కంప్రెసర్ (గట్టి సౌండ్‌కూ మెత్తని సౌండ్‌కూ తేడా తగ్గించేది) వేసి తర్వాత నాయిస్ తీస్తే, కంప్రెసర్ పైకి లేపిన గోలను తీయడానికి రెట్టింపు తంటాలు.

1. హమ్: డీహమ్మర్‌లో 50 హెర్ట్జ్ ఎంచుకోండి. 100, 150 దగ్గర దాని పిల్లలు కూడా పోతాయి. 60 మీద ఉన్న ప్రీసెట్ మన కరెంటుకు పనికిరాదు.
2. లో కట్: మాటకు 80 నుంచి 100 హెర్ట్జ్ కింద తీసేయండి. డోలు ఉన్న ట్రాకుకు ఇది వేయొద్దు, దాని గుండె అక్కడే ఉంటుంది.
3. నాయిస్: కొంచెం వేయండి. కూలర్ హోరు పూర్తిగా పోయేదాకా లాగితే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టవుతుంది.
4. ఈక్యూ (ఏ హెర్ట్జ్ దగ్గర సౌండ్ ఎంత ఉండాలో సర్దేది): 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య మందంగా ఉంటే రెండు మూడు డీబీలు దించండి. మాట స్పష్టత కోసం 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా ఎత్తండి.
5. కంప్రెసర్: 3:1 దగ్గర మొదలుపెట్టి, నాలుగైదు డీబీలకు మించి నొక్కకుండా.
6. లిమిటర్ (సౌండ్‌ను ఒక హద్దు దాటనివ్వనిది): మైనస్ 1 డీబీ దగ్గర. ఇది మాస్టర్ మీద, అన్నింటికన్నా చివర.

ఏఐతో గొంతు విడదీసే టూల్స్ గురించి చాలామంది అడుగుతున్నారు. ప్రీమియర్‌లో ‘ఎన్‌హాన్స్ స్పీచ్’, రిజాల్వ్ స్టూడియోలో ‘వాయిస్ ఐసొలేషన్’. ఇంటర్వ్యూకు, పెద్దల ఆశీర్వాద మాటలకు అద్భుతంగా పనిచేస్తాయి. పెళ్లి మొత్తానికి మాత్రం వేయకండి. వాటి దృష్టిలో గొంతు కానిదంతా గోలే, సన్నాయిని కూడా తీసేస్తాయి. కావాల్సిన మాటను విడి ట్రాకు మీదికి తెచ్చి, దానికే వేయండి.

గట్టిమేళం. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే పెళ్లి వీడియోలో అందరూ మళ్లీ మళ్లీ చూసే నిమిషం ఇదే.

మాంగల్యధారణకు ముందు సౌండ్ అంతా పురోహితుడి కాలర్ మైకు మీద ఉంటుంది. ‘మాంగల్యం తంతునానేన’ నడుస్తుండగా ఆయన చెయ్యి పైకెత్తి సైగ చేస్తాడు. ఆ మరుక్షణం డోలు, సన్నాయి ఒక్కసారిగా లేస్తాయి. కాలర్ మైకు వాటిని చాలా దగ్గరగా వింటుంది కాబట్టి అక్కడే పగులుతుంది. మొత్తం ట్రాకుకు ఒకే కంప్రెసర్ ఉంటే మేళం దెబ్బకు మంత్రం కూడా అణిగిపోయి, మేళం ఆగాక మళ్లీ ఉబ్బినట్టు లేస్తుంది.

ఇలా చేయండి. సైగ చేసిన ఫ్రేమ్ దగ్గర కాలర్ ట్రాకు కోసి, గట్టిమేళం ముక్కను వేరే ట్రాకు మీదికి దించండి. దాన్ని 10 నుంచి 12 డీబీలు తగ్గించండి. ఆ నిమిషానికి హాలు రికార్డర్ ముఖ్యమైన సౌండ్ అవుతుంది. రెంటి మధ్య 8 నుంచి 10 ఫ్రేముల క్రాస్‌ఫేడ్. మేళం ముక్కకు కంప్రెసర్ లేకుండా లిమిటర్ మాత్రమే ఉంచండి. మేళం ముందరి మంత్రం కన్నా గట్టిగా వినిపించాలి, రెండూ ఒకే ఎత్తుకు తేవద్దు. అక్షింతలు పడే సందడి, ఆడవాళ్ల మాటలు వినిపించేలా మేళం చివర్లో హాలు సౌండ్‌ను మెల్లగా ఎత్తండి.

హాలు రికార్డర్ కూడా పగిలి ఉంటే కెమెరా సౌండ్లన్నీ వెతకండి. అన్నింటికన్నా దూరంగా ఉన్న కెమెరాలో చాలాసార్లు పగలని సౌండ్ దొరుకుతుంది. అందుకే వాటిని మ్యూట్ చేయమన్నాను తప్ప చెరిపేయమనలేదు.

మొత్తం లౌడ్‌నెస్ యూట్యూబ్‌కు సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వీడియో మొత్తం మీద సగటు గట్టిదనం కొలత) దగ్గర పెడితే చాలు. అంతకన్నా గట్టిగా ఇచ్చినా వాళ్లు దించేస్తారు. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే పూర్తి పెళ్లికి నేనైతే ఇంకో రెండు మూడు తగ్గించి, మంత్రానికీ మేళానికీ మధ్య తేడా మిగలనిస్తాను.

## 10. రంగులు

సౌండ్, కట్లు అయ్యాకే రంగులు. ప్రతి కెమెరాకు ఒకే స్టేజీ లైటు కింద ఒక షాట్ ఎంచుకుని, కెమెరా_ఏను ప్రమాణంగా పెట్టుకుని బీ, సీలను దానికి దగ్గర చేయండి. ప్రీమియర్‌లో సోర్స్ సీక్వెన్స్ లోపలే కెమెరా వారీగా చేస్తే అన్ని కట్లకూ ఒకేసారి వర్తిస్తుంది. రిజాల్వ్‌లో కెమెరా వారీగా గ్రూపులు పెట్టుకోండి.

## 11. ఎక్స్‌పోర్ట్, చివరి పరీక్ష

ఎక్స్‌పోర్ట్‌కు ముందు సీక్వెన్స్ డూప్లికేట్ చేసి, కాపీలో ‘ఫ్లాటెన్’ చేయండి. మల్టీక్యామ్ పొరలు పోయి మామూలు క్లిప్పులు మిగులుతాయి, మిషన్‌కు భారం తగ్గుతుంది. సోర్స్ సీక్వెన్స్ లోపల వేసిన రంగులు పోలేదు కదా అని చూసుకోండి. అసలు సీక్వెన్స్ అలాగే ఉంచండి. ‘మా మావయ్య కనిపించలేదు, ఇంకో కెమెరాలో ఉన్నాడేమో చూడండి’ అని ఫోన్ వస్తే కెమెరా మార్చాల్సింది అందులోనే.

ఇచ్చే ముందు ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలునే చూడాలి, టైమ్‌లైన్‌ను కాదు:

☐ మొదటి పది నిమిషాలు, నడుమ పది, చివరి పది నిమిషాలు పెదవులు చూస్తూ
☐ ఫోన్ స్పీకర్‌లో ఒకసారి: మంత్రం, మాట స్పష్టంగా ఉన్నాయా
☐ టీవీలో ఒకసారి: గట్టిమేళం పగలకుండా ఉందా
☐ హెడ్‌ఫోన్‌లో రెండు చెవులకూ సౌండ్ వస్తోందా
☐ సౌండ్ కోసిన ప్రతి చోటా ‘టక్’మనే చప్పుడు లేదు
☐ ప్రాక్సీలు కాకుండా అసలు ఫైళ్లతోనే ఎక్స్‌పోర్ట్ అయ్యిందా

తేదీ_పేరు ఫోల్డర్ మొత్తాన్ని (రిజాల్వ్ అయితే ప్రాజెక్ట్‌ను ముందు అందులోకి ఎక్స్‌పోర్ట్ చేసి) రెండో హార్డ్‌డిస్కుకు కాపీ చేసి, మొదటి డిస్కు తీసేసి, ఆ కాపీలోంచి ప్రాజెక్ట్ తెరిచి, ఫైళ్లు ఎక్కడని అడిగితే ఆ కాపీనే చూపండి. ‘మీడియా ఆఫ్‌లైన్’ అని ఎర్ర తెర ఎక్కడా రాకపోతే, అప్పుడు కార్డులు ఫార్మాట్ చేసుకోవచ్చు.